రైలు సిమ్యులేటర్‌లో నేపథ్య రాకపోకలు: డోర్నకల్–విజయవాడ మార్గం ఉదాహరణగా

9.1 ఖాళీ పట్టాల సమస్య

కిందటి పాఠంలో పట్టాలు, సిగ్నళ్లు, స్టేషన్లు ఉన్న ఒక రూటును సిమ్యులేటర్‌లో తెరిచి, అందులో ఒక రైలును మీరే నడిపారు. ఆ రైలు బాగానే నడిచి ఉంటుంది. అయితే ఒక విషయం గమనించే ఉంటారు. దారి పొడవునా ప్రతి సిగ్నలూ ఆకుపచ్చగానే ఉంది. ఎదురుగా ఒక్క బండీ రాలేదు. లూప్ లైన్లలో ఒక్క వ్యాగనూ నిలబడి లేదు. ఖమ్మం లాంటి స్టేషన్లో పట్టపగలు అయిదు నిమిషాలు నిలబడినవారెవరైనా ఇది అసలు రైల్వే కాదని వెంటనే చెప్పేస్తారు.

ఈ లోటును తీర్చడానికి చాలామంది చేసే మొదటి పని, కంప్యూటర్ నడిపే రైళ్లను అక్కడక్కడా చల్లడం. పది నిమిషాలకొక ఎక్స్‌ప్రెస్, మధ్యలో రెండు గూడ్సులు పెడతారు. తెర నిండుగా కనిపిస్తుంది గాని, గంట గడిచేసరికి ఎక్కడో రెండు బండ్లు ఒకదాని వెనుక ఒకటి ఇరుక్కుంటాయి. లేదా ఏ కారణమూ లేకుండా ఒక గూడ్సు ఎదురు లైనులో దూసుకుపోతుంది. నిండుగా ఉండటం వేరు, నిజంగా ఉండటం వేరు.

నేపథ్య రైళ్లను మీరు కళ్లతో చూసేది తక్కువ, సిగ్నళ్ల ద్వారా తెలుసుకునేది ఎక్కువ. ఈ పాఠమంతా ఈ మాట మీదే నిలబడి ఉంది. ఎదురుగా వచ్చే రైలు మీ కిటికీ పక్కన ఉండేది పది సెకన్లు. కానీ మీ ముందు పోతున్న బొగ్గు బండి మీకు అరగంట పాటు పసుపు సిగ్నళ్ల రూపంలో కనిపిస్తూనే ఉంటుంది. మధిర దగ్గర మీకు ఎర్ర సిగ్నల్ పడితే దానికొక కారణం ఉండాలి. ఆ కారణం పేరు, దాని పొడవు, అది ఎక్కడినుంచి బయలుదేరింది, ఏ సరుకు మోస్తోంది అన్నవన్నీ రూటు తయారుచేసినవాడికి తెలిసి ఉండాలి. రైల్లో కూర్చుని 'ఔటర్లో ఎందుకు ఆపాడు?' అని విసుక్కునే ప్రయాణికుడి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది.

ఉదాహరణకు డోర్నకల్ నుంచి విజయవాడ వరకు ఉన్న మార్గాన్ని తీసుకుందాం. కాజీపేట–విజయవాడ ప్రధాన మార్గంలో ఇది దక్షిణ భాగం. ఖమ్మం, బోనకల్లు, మోటమర్రి, మధిర, ఎర్రుపాలెం, కొండపల్లి, రాయనపాడు మీదుగా పోతుంది. ఎర్రుపాలెం దాటాక తెలంగాణ అయిపోయి ఆంధ్రప్రదేశ్ మొదలవుతుంది. ఢిల్లీ–చెన్నై రైళ్లు, హైదరాబాదు–కోస్తా రైళ్లు, సింగరేణి బొగ్గు అన్నీ ఈ ఇరుకు దారిలోనే కలుస్తాయి కాబట్టి పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. మీ దగ్గరున్న రూటు వేరే దేశానిదైనా పద్ధతి మాత్రం ఇదే.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే, ఓపెన్ రైల్స్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాం. ఇది ఉచితం. 2001లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ట్రైన్ సిమ్యులేటర్ కోసం తయారైన రూట్లనూ, ఇంజన్లనూ ఇది చదవగలదు. దీనిలోని టైంటేబుల్ విధానం మన పనికి చక్కగా సరిపోతుంది.

9.2 ముందుగా ఒక రోజును ఎంచుకోండి

'ఈ మార్గంలో రోజుకు ఎన్ని రైళ్లు?' అన్న ప్రశ్నకు ఏ సంవత్సరమో చెప్పకుండా జవాబు లేదు. ఈ మార్గంలో మూడో లైనును విడతలుగా వేస్తూ వచ్చారు. రెండు లైన్ల నాటి రాకపోకలు వేరు, మూడు లైన్ల నాటివి వేరు. పెట్టెలు కూడా మారాయి. నీలి రంగు ఐసీఎఫ్ పెట్టెలు పోయి ఎల్‌హెచ్‌బీ పెట్టెలు వచ్చాయి. ఒకే రోజున మూడు కాలాల రైళ్లు నడిచే రూట్లు చాలా చూస్తుంటాం. బొమ్మలు బాగుంటాయి గాని నమ్మకం కుదరదు. మనం 2015లో ఒక మామూలు పనిదినాన్ని, రెండు లైన్ల మార్గాన్ని తీసుకుందాం.

రోజును ఎంచుకునేటప్పుడు పండుగలను కూడా చూడండి. సంక్రాంతికి ముందు వారం విజయవాడ వైపు ప్రత్యేక రైళ్లు వరస కడతాయి. రెండేళ్లకోసారి మేడారం జాతర రోజుల్లో వరంగల్లు, కాజీపేట వైపు అదనపు రైళ్లు వేస్తారు. అలాంటి రోజును మొదటి ప్రయత్నానికి తీసుకోకండి. మామూలు రోజు సరిగ్గా వచ్చాక దాని మీద పండుగ రోజును కట్టుకోవచ్చు.

ప్రయాణికుల రైళ్ల వివరాలు సేకరించడం కష్టం కాదు. రైల్వే ప్రచురించే టైంటేబుల్ పుస్తకాల్లో బయలుదేరే, చేరే సమయాలన్నీ ఉంటాయి. శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఉదయం విజయవాడలో బయలుదేరి సికింద్రాబాద్ వెళ్లి, సాయంత్రం అక్కడ బయలుదేరి రాత్రికి తిరిగి వస్తుంది. అంటే ఈ మార్గంలో దాన్ని రోజుకు రెండుసార్లు, రెండు దిక్కుల్లో చూడాలి. గోల్కొండ, కృష్ణా, పద్మావతి, గోదావరి, నవజీవన్, కేరళ, తమిళనాడు, గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్‌లు ఈ దారినే పోతాయి. డోర్నకల్, విజయవాడల మధ్య తిరిగే ప్యాసింజరు బండిని మాత్రం మరిచిపోకండి. అన్ని స్టేషన్లలో ఆగుతూ, ఎక్స్‌ప్రెస్‌లకు దారి ఇస్తూ, వెనుకవాటిని కాస్త ఆలస్యం చేస్తూ పోయే ఆ బండి లేకపోతే ఈ మార్గానికి ప్రాణం ఉండదు.

9.3 గూడ్సు బండ్లు: సరుకు నుంచి లెక్క మొదలుపెట్టండి

గూడ్సు బండ్లకు ప్రజలకు అందే టైంటేబుల్ లేదు. ఇక్కడే చాలామంది ఊహకు వదిలేస్తారు. ఊహించక తప్పదు, అయితే ఊహకు ఒక ఆధారం ఉండాలి. ఆ ఆధారం సరుకు. ఏది ఎక్కడ పుడుతుంది, ఎక్కడ ఖర్చవుతుంది అన్నది తెలిస్తే ఎన్ని బండ్లో దాదాపుగా తేలిపోతుంది.

మన మార్గంలో ముఖ్యమైన సరుకు బొగ్గు. డోర్నకల్ నుంచి భద్రాచలం రోడ్డు వైపు, అంటే కొత్తగూడెం వైపు, ఒక శాఖ పోతుంది. సింగరేణి గనుల బొగ్గు ఆ శాఖ మీదుగా డోర్నకల్ చేరి ప్రధాన మార్గంలో కలుస్తుంది. దాని గమ్యాల్లో పెద్దది కొండపల్లి పక్కన ఇబ్రహీంపట్నంలో ఉన్న డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం. విజయవాడ ప్రాంతంవాళ్లు దీన్ని వీటీపీఎస్ అంటారు.

2015 నాటికి ఆ కేంద్రం సామర్థ్యం 1,760 మెగావాట్లు. 210 మెగావాట్ల యూనిట్లు ఆరు, 500 మెగావాట్లది ఒకటి. పూర్తి సామర్థ్యంతో 24 గంటలు నడిస్తే సుమారు 4 కోట్ల 22 లక్షల యూనిట్ల విద్యుత్తు వస్తుంది. మన దేశపు బొగ్గుతో ఒక యూనిట్ విద్యుత్తుకు దాదాపు 0.7 కిలోల బొగ్గు కావాలనుకుందాం. అప్పుడు రోజుకు 29,500 టన్నుల పైచిలుకు బొగ్గు కావాలి. పైకప్పు లేని బాక్స్‌ఎన్ వ్యాగన్లు 58 ఉన్న ఒక రేకు సుమారు 3,700 టన్నులు మోస్తుంది. భాగిస్తే రోజుకు ఎనిమిది రేకులు వస్తాయి.

ఏ కేంద్రమూ ఎల్లకాలం పూర్తి సామర్థ్యంతో నడవదు. ముప్పావు వంతు నడుస్తోందనుకుంటే ఆరు రేకులు. అందులో కొంత బొగ్గు ఒడిశాలోని తాల్చేరు గనుల నుంచి విశాఖ వైపు దారిలో వస్తుంది, అది మన మార్గంలోకి రాదు. అది పోగా డోర్నకల్ వైపు నుంచి రోజుకు నాలుగు రేకులు అనుకుందాం. ఈ నాలుగు అన్నది మన అంచనాయే. అయినా గాలిలోంచి తెచ్చిన నాలుగు కాదు కదా. ఎవరైనా ప్రశ్నిస్తే ఒక్కొక్క మెట్టూ చూపించగలం. ఏదైనా అంకె తప్పని తేలితే దాన్ని మార్చి మళ్లీ లెక్క కట్టగలం.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోండి. నిండు రేకులు నాలుగు వెళితే, ఆ తర్వాత ఏమవుతుంది? బొగ్గు దించుకున్న వ్యాగన్లు గనికి తిరిగి రావాలి. అంటే ఎదురు దిక్కులో నాలుగు ఖాళీ రేకులు. విద్యార్థులు తయారుచేసిన రూట్లలో తరచుగా కనిపించే లోపం ఇదే. బొగ్గు ఒక వైపే ప్రవహిస్తూ ఉంటుంది, వ్యాగన్లు మాత్రం ఎప్పటికీ తిరిగి రావు. ఖాళీ రేకు నిండు రేకు కంటే తేలిక. త్వరగా వేగం అందుకుంటుంది, త్వరగా ఆగుతుంది. దాన్ని వేరే కన్సిస్ట్‌గా, అంటే వేరే బండి కూర్పుగా తయారుచేయాలి.

మిగతా సరుకులను ఇంత లోతుగా లెక్కించనక్కరలేదు. మోటమర్రి దగ్గర జగ్గయ్యపేట శాఖ కలుస్తుంది. అది సిమెంటు ఫ్యాక్టరీల ప్రాంతం కాబట్టి మూసిన బీసీఎన్ వ్యాగన్ల రేకులు అక్కడినుంచి ప్రధాన మార్గంలోకి వస్తాయి. కొండపల్లి దగ్గరి చమురు డిపోలకు ట్యాంకు వ్యాగన్లు వస్తాయి. వీటికి తోడు బియ్యం, ఎరువులు, కంటైనర్లు. మన 2015 రోజుకు నాలుగు నిండు బొగ్గు, నాలుగు ఖాళీ బొగ్గు, సిమెంటు రెండు, ట్యాంకర్లు రెండు, ఇతరాలు ఒక అరడజను. మొదటి ప్రయత్నానికి ఇంతకంటే ఎక్కువ వద్దు.

రాయనపాడులో వ్యాగన్ వర్క్‌షాపు ఉంది. అక్కడ వ్యాగన్లను కదలకుండా నిలబెట్టి ఉంచడం తేలికైన పని. ఆ దృశ్యం విజయవాడ దగ్గరపడిందని చెప్పకనే చెబుతుంది. కానీ కనిపించిన ప్రతి సైడింగులోనూ వ్యాగన్లు నింపేయకండి. రైల్వేకు వ్యాగన్ అంటే సంపాదించే ఆస్తి. అది ఊరికే నిలబడి ఉంటే ఎవరో ఒకరు సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

పై లెక్కలో విద్యుత్ కేంద్రం పూర్తి సామర్థ్యంలో సగం మాత్రమే నడిస్తే, డోర్నకల్ వైపు నుంచి వచ్చే వాటా మూడింట రెండు వంతులనుకుంటే, ఈ మార్గంలో రోజుకు నిండు, ఖాళీ బొగ్గు రేకులు మొత్తం ఎన్ని? అంకె పూర్ణసంఖ్యగా రాకపోతే, ఆ మిగులును మీరు ఎలా సర్దుతారు?

9.4 రేకు పొడవు, లూపు పొడవు

ఒక బాక్స్‌ఎన్ వ్యాగన్ పొడవు 10.7 మీటర్లు. 58 వ్యాగన్లకు 621 మీటర్లు. ఇంజను, గార్డు బ్రేక్‌వ్యాన్ కలుపుకుంటే దాదాపు 655 మీటర్లు. మన రైల్వేల్లో లూప్ లైనుకు ప్రామాణిక పొడవు 686 మీటర్లు. అంటే రేకు పొడవూ లూపు పొడవూ ఒకదానికొకటి కొలిచి కుట్టినట్టు ఉంటాయి. ఇది యాదృచ్ఛికం కాదు.

సిమ్యులేటర్‌లో మీరు సరదాకి ఇంకో పది వ్యాగన్లు తగిలించారనుకోండి. ఆ బండి లూపులోకి వెళ్లి ఆగినా దాని తోక మెయిన్ లైను మీదే ఉండిపోతుంది. వెనుక వచ్చే ప్రతి రైలుకూ ఎర్ర సిగ్నల్. ప్రోగ్రాం ఏ లోపమూ చూపదు, ఎందుకంటే దాని దృష్టిలో అంతా నిబంధనల ప్రకారమే జరుగుతోంది. కాబట్టి బండి కూర్పులు తయారుచేసిన వెంటనే ప్రతిదాని పొడవూ ఒక కాగితం మీద రాసుకుని, రూటులోని ప్రతి లూపు పొడవుతో పోల్చండి.

9.5 గ్రాఫు కాగితం మీద ఒక ఉదయం

ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం. రైల్వే కంట్రోల్ ఆఫీసులో సెక్షన్ కంట్రోలరు ముందు ఒక చార్టు ఉంటుంది. అడ్డంగా సమయం, నిలువుగా స్టేషన్లు. ప్రతి రైలూ ఆ చార్టు మీద ఒక ఏటవాలు గీత. వేగంగా పోయే రైలు గీత నిటారుగా ఉంటుంది, నెమ్మదిగా పోయేది వాలిపోయి ఉంటుంది, ఆగిన రైలు గీత అడ్డంగా సాగుతుంది. ఒకే లైను మీద ఒకే దిక్కుగా పోయే రెండు గీతలు ఒకదాన్నొకటి దాటాలంటే లూపు ఉన్న స్టేషన్ దగ్గరే దాటాలి. ఇంకెక్కడ కలిసినా ఆ పథకం పనికిరాదు.

కంప్యూటర్ ముట్టుకోకముందే ఈ చార్టును గ్రాఫు కాగితం మీద పెన్సిల్‌తో గీయండి. ఈ మాట చెబితే కొందరు విద్యార్థులు నవ్వుతారు. కానీ సాఫ్ట్‌వేర్‌లో మూడు రోజులు వెతికినా దొరకని చిక్కు కాగితం మీద మూడు నిమిషాల్లో కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ గీద్దాం. లెక్క సులువుగా ఉండటానికి దూరాలను గుండ్రంగా తీసుకుందాం. డోర్నకల్ నుంచి బోనకల్లు 45 కి.మీ., మధిర 60 కి.మీ. ఒక నిండు బొగ్గు రేకు 9.00కి డోర్నకల్ దాటి సగటున గంటకు 60 కి.మీ. వేగంతో పోతోంది. అర్ధగంట తర్వాత, 9.30కి, ఒక ఎక్స్‌ప్రెస్ డోర్నకల్ దాటింది. దాని వేగం 100 కి.మీ. అనుకుందాం, మధ్యలో ఆగదు. రెండూ ఎక్కడ కలుస్తాయి? ప్రతి గంటకూ ఎక్స్‌ప్రెస్ 40 కి.మీ. దూరాన్ని తగ్గిస్తుంది. అది బయలుదేరేసరికి బొగ్గు బండి 30 కి.మీ. ముందుంది. ఆ 30 కి.మీ. తగ్గించడానికి 45 నిమిషాలు పడుతుంది. అంటే 10.15కి, డోర్నకల్ నుంచి 75 కి.మీ. దగ్గర, మధిర దాటాక కలుస్తాయి.

కాబట్టి బొగ్గు బండిని మధిరలో లూపులో పెడితే సరిపోతుందని అనిపిస్తుంది. చూద్దాం. బొగ్గు బండి మధిరకు 10.00కి వస్తుంది. ఎక్స్‌ప్రెస్ 60 కి.మీ. దూరాన్ని 36 నిమిషాల్లో పూర్తిచేసి 10.06కి వస్తుంది. ఆరు నిమిషాల తేడా. ఇది చాలదు. ఎందుకో వివరంగా చూడాలి.

లూపులోకి మళ్లే చోట కాంటా మీద వేగం చాలా స్టేషన్లలో గంటకు 30 కి.మీ. మించకూడదు. ఆ వేగంతో 655 మీటర్ల బండి పూర్తిగా లోపలికి రావడానికే దాదాపు 80 సెకన్లు పడుతుంది. అంతకుముందు 60 నుంచి 30కి వేగం తగ్గించుకోవాలి, ఆ తర్వాత లూపు చివర ఆగాలి. తోక మెయిన్ లైనును వదిలాకే కాంటా మళ్లీ మెయిన్‌కు తిరుగుతుంది, సిగ్నల్ పడుతుంది. ఇదంతా అయ్యేసరికి 10.04 అవుతుంది. కానీ ఎక్స్‌ప్రెస్ డ్రైవరుకు ఆకుపచ్చ కావలసింది స్టేషన్ దగ్గర కాదు, స్టేషన్‌కు రెండు మూడు కిలోమీటర్ల ముందు. 100 కి.మీ. వేగంలో అది దాదాపు రెండు నిమిషాల ప్రయాణం. అంటే 10.04కే ఆకుపచ్చ కనిపించాలి. ఒక్క అరనిమిషం అటూ ఇటూ అయితే డ్రైవరు జంట పసుపు చూసి వేగం తగ్గించుకుంటాడు. తర్వాతి సిగ్నల్ దగ్గర ఒంటి పసుపు ఉంటే తరువాతి దాని దగ్గర ఆగడానికి సిద్ధపడతాడు. అంత బరువైన రైలు మళ్లీ వేగం అందుకోవడానికి ఇంకో మూడు నాలుగు నిమిషాలు పోతాయి.

అదే బోనకల్లులో పెడితే? బొగ్గు బండి అక్కడికి 9.45కి వస్తుంది. ఎక్స్‌ప్రెస్ 9.57కి. పన్నెండు నిమిషాల తేడా. హాయిగా సరిపోతుంది. అనుభవం ఉన్న కంట్రోలరు బోనకల్లునే ఎంచుకుంటాడు. కొంచెం తెగించేవాడు మధిర దాకా వదులుతాడు. ఆ తెగింపు ఫలిస్తే బొగ్గు బండికి పావుగంట కలిసివస్తుంది, ఫలించకపోతే ఎక్స్‌ప్రెస్‌కు ఆలస్యం.

మీ ఆటగాడు నడపబోయేది ఆ ఎక్స్‌ప్రెస్ అనుకోండి. మీరు బోనకల్లు ఎంచుకుంటే అతనికి దారంతా ఆకుపచ్చే. ఎడమ పక్కనో కుడి పక్కనో నిలబడి ఉన్న బొగ్గు బండి ఒక్క క్షణం కనిపించి వెనక్కి పోతుంది. మధిర ఎంచుకుంటే అతని చేతుల్లో బ్రేకు ఉంటుంది, కళ్లు సిగ్నల్ మీద ఉంటాయి. రెండూ నిజమే. ఏది కావాలో నిర్ణయించేది మీరు. నా అభిప్రాయం అడిగితే, పది ప్రయాణాల్లో ఏడింటిని బోనకల్లు లాంటివిగా, మూడింటిని మధిర లాంటివిగా ఉంచండి. ప్రతి స్టేషన్‌లో పసుపు చూపించే రూటు, ఒక్క పసుపూ చూపించని రూటు అంత కృత్రిమంగానూ ఉంటుంది.

ఇంకో మాట. ఆ ఎక్స్‌ప్రెస్ వెనుక పావుగంట తేడాతో ఇంకో ఎక్స్‌ప్రెస్ ఉంటే బొగ్గు బండి దానికి కూడా దారి ఇస్తుంది. ఆగిన నిండు రేకు కదిలి వేగం అందుకోవడానికి నిమిషాలు పడుతుంది కాబట్టి, చిన్న సందులో దాన్ని బయటికి వదలరు. అందుకే లూపులో నిలబడ్డ గూడ్సు ఒక్కోసారి గంట కదలదు. తర్వాత రెండు మూడు గూడ్సులు ఒకదాని వెనుక ఒకటి గుంపుగా బయలుదేరతాయి. సమాన దూరంలో పూసలు గుచ్చినట్టు పోయే గూడ్సు బండ్లు నిజమైన రైల్వేలో మీకు కనిపించవు.

9.6 ఒంటి లైను శాఖ

డోర్నకల్–భద్రాచలం రోడ్డు శాఖ మన 2015లో ఒంటి లైను. ఇక్కడ ఎదురెదురుగా వచ్చే రైళ్లు స్టేషన్లలోనే తప్పుకోవాలి. ఇలాంటి లైను ఎన్ని రైళ్లను భరించగలదో అంచనా వేయడానికి మన రైల్వేలో స్కాట్ సూత్రం అనే తేలిక లెక్క వాడతారు. రోజులోని 1,440 నిమిషాలను, అతి క్లిష్టమైన రెండు స్టేషన్ల మధ్య నెమ్మది రైలుకు పట్టే సమయం, బ్లాకు పనికి పట్టే సమయం కలిపి వచ్చిన మొత్తంతో భాగించాలి. దాన్ని 0.7తో గుణించాలి. నెమ్మది రైలుకు 20 నిమిషాలు, బ్లాకు పనికి 5 నిమిషాలు అనుకుంటే 1,440ని 25తో భాగించగా 57.6, దానిలో 0.7 వంతు దాదాపు 40. రెండు దిక్కులూ కలిపి 40 రైళ్లు. మీ పథకంలో శాఖ మీద ఇంతకు మించి ఉంటే ఎక్కడో ఒకచోట బిగుసుకుపోవడం ఖాయం.

9.7 టైంటేబుల్లోకి ఎక్కించడం

ఓపెన్ రైల్స్ టైంటేబుల్ నిజానికి ఒక పట్టిక. ఏ స్ప్రెడ్‌షీట్‌లోనైనా తయారుచేయవచ్చు. మొదటి నిలువు వరసలో స్టేషన్ల పేర్లు, ఆ తర్వాత ఒక్కో రైలుకు ఒక్కో నిలువు వరస. గళ్లలో చేరే, బయలుదేరే సమయాలు. వీటితోపాటు హ్యాష్ గుర్తుతో మొదలయ్యే ప్రత్యేక అడ్డవరసలు ఉంటాయి. 'పాత్' వరసలో ఆ రైలు పోయే దారి, 'కన్సిస్ట్' వరసలో బండి కూర్పు, 'స్టార్ట్' వరసలో మొదలయ్యే సమయం, 'డిస్పోజ్' వరసలో ప్రయాణం ముగిశాక ఏం కావాలో రాస్తారు. ఈ మాటలను ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి. ఆట మొదలుపెట్టేటప్పుడు పట్టికలోని ఏదో ఒక రైలును మీరు ఎంచుకుంటారు, మిగిలినవన్నీ నేపథ్య రైళ్లవుతాయి. కాబట్టి శాతవాహనను నడిపినవాడే మరుసటి రోజు బొగ్గు బండిని తీసుకుని బోనకల్లు లూపులో నిలబడి, శాతవాహన పక్కనుంచి దూసుకుపోవడం చూడవచ్చు.

ఇక్కడ గుర్తుంచుకోవలసింది, కంప్యూటర్‌కు కంట్రోలరు బుద్ధి లేదు. బొగ్గు బండి దారి లూపులోంచి గీస్తే అది లూపులోంచే పోతుంది, మెయిన్‌లోంచి గీస్తే మెయిన్‌లోంచే పోతుంది. వెనుక రాజధాని వస్తున్నా తనంతట తాను పక్కకు తప్పుకోదు. గ్రాఫు మీద మీరు తీసుకున్న నిర్ణయాన్ని దారి రూపంలో మీరే రాయాలి. అందుకే ఒకే రకం బొగ్గు బండికి రెండు మూడు దారులు అవసరమవుతాయి. బోనకల్లులో తప్పుకునేది ఒకటి, మధిరలో తప్పుకునేది ఒకటి, ఎక్కడా తప్పుకోని రాత్రి బండిది ఇంకొకటి.

ఎవరి కోసం ఆగాలో చెప్పడానికి డాలర్ గుర్తుతో మొదలయ్యే 'వెయిట్' ఆదేశం ఉంది. దానికి ఎక్స్‌ప్రెస్ పేరు ఇస్తే, ఆ రైలు దాటేదాకా బొగ్గు బండి ఆగుతుంది. దీనితోపాటు 'మాక్స్‌డిలే' అని కొన్ని నిమిషాలు ఇవ్వవచ్చు. ఎక్స్‌ప్రెస్ అంతకంటే ఎక్కువ ఆలస్యంగా ఉంటే బొగ్గు బండి ఇక ఆగదు. అసలు కంట్రోలరు చేసేది కూడా ఇదే. పది నిమిషాల ఆలస్యానికి ఆపుతాడు, గంట ఆలస్యానికి ఆపడు. ఇరవై దగ్గర మొదలుపెట్టి చూడండి.

'డిస్పోజ్' వరసలో 'ఫార్మ్స్' ఆదేశంతో ఒక రైలు ముగిశాక అదే రేకు ఇంకో రైలుగా మారుతుంది. డోర్నకల్ చేరిన ప్యాసింజరు అరగంట తర్వాత విజయవాడ ప్యాసింజరుగా తిరిగి బయలుదేరడానికి ఇది చక్కగా పనికివస్తుంది. బొగ్గు బండికి మాత్రం దీన్ని వాడకండి. రేకు అదే కాబట్టి వ్యాగన్లలో బొగ్గు అలాగే ఉండిపోతుంది. విద్యుత్ కేంద్రంలోకి వెళ్లిన నల్ల కుప్పలు మళ్లీ గనికి తిరిగివస్తుంటే చూసేవారికి నవ్వొస్తుంది. నిండు బండి దారిని కేంద్రపు సైడింగు లోపల, కంటికి అందని చోట ముగించండి. దింపడానికి పట్టే కొన్ని గంటల వ్యవధి ఇచ్చి, అక్కడినుంచే ఖాళీ రేకును వేరే రైలుగా మొదలుపెట్టండి.

దారి చివరికి చేరిన రైలుకు 'డిస్పోజ్'లో ఏమీ రాయకపోతే అది కొద్దిసేపటికి మాయమవుతుంది. ఇది ప్లాట్‌ఫారం మీద జరిగితే ఎంత అసహ్యంగా ఉంటుందో చెప్పనక్కరలేదు. డోర్నకల్ అవతల, విజయవాడ అవతల రూటులో కొన్ని కిలోమీటర్ల పట్టా అదనంగా ఉంచి, రైళ్లు అక్కడ పుట్టి అక్కడ ముగిసేలా చూడండి.

9.8 నడిపి చూడటం

మీరు 10 గంటల రైలును ఎంచుకున్నా, ప్రోగ్రాం అంతకుముందు మొదలైన రైళ్లన్నిటినీ లోపల్లోపల నడిపి, 10 గంటలకు ఎక్కడ ఉండాలో అక్కడ నిలబెడుతుంది. ఇది గొప్ప సౌకర్యం. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. తెల్లవారుజామున 4 గంటలకు కొండపల్లి దగ్గర రెండు బండ్లు ఇరుక్కుంటే, 10 గంటల రైలు డ్రైవరుకు కనిపించేది ఆ చిక్కు కాదు, దాని వెనుక ఆరు గంటలుగా పేరుకుపోయిన వరస. కాబట్టి పరీక్ష ఎప్పుడూ రోజు మొదటి రైలుతో మొదలుపెట్టండి. డిస్పాచర్ కిటికీని తెరిచి ఉంచి ఏ రైలు కదులుతోందో, ఏది ఆగిందో చూస్తూ ఉండండి. ఎక్కడైనా ఒక రైలు అనుకున్నదానికంటే ఎక్కువసేపు ఆగితే, దాన్ని వదిలేసి దాని ముందున్న రైలును చూడండి, తర్వాత దాని ముందున్నదాన్ని. అలా పోతూ ఉంటే చివరికి ఎవరి కోసమూ కాకుండా ఊరికే ఆగి ఉన్న ఒక బండి దొరుకుతుంది. చాలాసార్లు దాని తోక లూపు బయట ఉంటుంది, లేదా ఎప్పటికీ రాని రైలు కోసం 'వెయిట్' ఆదేశంతో నిలబడి ఉంటుంది. ఆదేశంలో రైలు పేరు ఒక్క అక్షరం తేడాగా టైపు చేసినా ఇదే గతి పట్టవచ్చు.

రోజంతా చిక్కు లేకుండా నడిచాక పట్టికను ఇంకో రెండు పేర్లతో దాచుకోండి. ఒకదానిలో ఉత్తరం నుంచి వచ్చే దూరప్రాంతపు రైలు ఒకదాన్ని నలభై నిమిషాలు ఆలస్యంగా మొదలుపెట్టండి. ఇంకోదానిలో ఖాళీ రేకు ఒకటి తీసేయండి, ఆ రోజు అది ఇంకెక్కడో ఉండిపోయిందనుకుని. మిగతావేవీ ముట్టుకోకండి. ఆ ఒక్క మార్పు ఎంత దూరం పాకుతుందో గమనించండి.

అభ్యాసం

మీ ఊరికి దగ్గర్లోని ఏదైనా రెండు జంక్షన్ల మధ్య మార్గాన్ని ఎంచుకోండి. ప్రచురిత టైంటేబుల్ ఆధారంగా ఉదయం 6 నుంచి 10 వరకు నడిచే ప్రయాణికుల రైళ్లను గ్రాఫు కాగితం మీద గీయండి. ఆ ప్రాంతంలో పుట్టే లేదా ఖర్చయ్యే ఒక సరుకును తీసుకుని, రోజుకు ఎన్ని రేకులో లెక్కగట్టి, వాటిలో ఒక నిండు రేకునూ ఒక ఖాళీ రేకునూ ఆ నాలుగు గంటల్లో ఇమడ్చండి. ఏ స్టేషన్‌లో ఏది దేనికి దారి ఇస్తుందో, ఎన్ని నిమిషాలు ఆగుతుందో ఎర్ర పెన్సిల్‌తో గుర్తుపెట్టి, ఆ స్టేషన్‌నే ఎందుకు ఎంచుకున్నారో ఒక పేజీకి మించకుండా రాయండి. వివరాలు సేకరించడానికి స్టేషన్‌కు వెళితే ప్లాట్‌ఫారం మీదే ఉండండి. పట్టాల మీదికి దిగడం నేరమే కాదు, ప్రాణాపాయం కూడా.